జింకల చెలిమె తవ్విన మా అత్తమ్మ

మక్తల్ బస్టాండులో మా ఊరి బస్సు కోసం కూర్చుని ఉన్నాను. మార్కెట్లో పల్లీలు అమ్మి, ఇంటికి కావలసిన ఉప్పూ చింతపండూ కొనుక్కుని, సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. బస్సు వచ్చి ఆగగానే కండక్టరు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మా పక్క ఊరి పిల్లవాడే. మామూలుగా దూరం నుంచే నవ్వుతూ పలకరిస్తాడు. ఆ రోజు నవ్వలేదు.

"వదినె, పెద్దమ్మ పోయింది. పొద్దుగాల చేన్ల కూసున్నదట. కూసున్నట్టే ఒరిగిపోయిందట. నడువ్, బస్సెక్కు."

నా సంచి ఎవరు పట్టుకున్నారో తెలియదు. టికెట్ ఎవరూ అడగలేదు. ఊరికి ముందు వాగు మీద చిన్న వంతెన ఉంది. డ్రైవరు అక్కడ బస్సు ఆపి ఇంజను బందు చేశాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు. బస్సులో ఉన్నవాళ్లంతా కిటికీల్లోంచి వాగు వైపు చూస్తూ కాసేపు మౌనంగా కూర్చున్నారు. ఏ పదవీ లేని ఒక రైతు మనిషి కోసం, సంతకు పోయి వస్తున్న జనం అలా ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూసినప్పుడే నాకు ఏడుపు వచ్చింది.

పోయింది మా అత్తమ్మ. మా ఆయన తల్లి. ఆమె ఎవరో మీకు తెలియదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

మా పుట్టిల్లు చిట్యాల. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రోడ్డు పక్కనే మా ఇల్లు. లారీల మోతకు నిద్రపోయి, లారీల మోతకే లేచే ఊరు. జింకను బడి పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. ఎనభైల మొదట్లో పెళ్లయి ఈ ఎర్ర మెట్ట చెలకల ఊరికి వచ్చాను. వచ్చిన కొత్తలో ఒక రోజు తెల్లవారుతుండగా అత్తమ్మ నా భుజం తట్టి, "పిల్లా, ముఖం కడుక్కొని రా. ఒకటి చూపెడత" అంది.

చేను గట్టు మీద నిలబెట్టి వాగు వైపు చూపించింది. ముందు నాకేమీ కనబడలేదు. ఎర్రటి నేలే కొంచెం కదిలినట్టు అనిపించింది. తర్వాత ఆ కదలిక జింకల మంద అయింది. అన్నిటికంటే ముందు ఒక మగది ఉంది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలితిరిగి పైకి లేచిన కొమ్ములు. మగ జింకను మా వైపు ఇర్రి అంటారు. అది ఏ కారణమూ లేకుండానే ఒక్కసారి గాలిలోకి లేచింది. దాని వెనక మంద మొత్తం ఒకదాని తర్వాత ఒకటి లేచింది. నేల వాటిని విసిరి పట్టుకుంటున్నట్టు ఉంది.

"గవి ఎవలయి అత్తమ్మా?" అన్నాను చివరికి. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక గాని తెలియలేదు.

ఆమె నవ్వలేదు. "గవి గూడ గీ ఊరివే. ఓటు లేదు, గంతే" అంది.

అలాగని ఆమె జింకలను నెత్తిన పెట్టుకునే మనిషి కాదు. పల్లి చేనులో పడితే చేటంత నోరు చేసుకుని అదిలించేది. వాటి వెంట పరుగెత్తేది. కానీ రాయి విసిరేది కాదు. దెబ్బ తగిలిన జంతువు పగలు దాక్కుంటుంది, ఎక్కడ తింటుందో తెలియదు, అది మనకూ నష్టమే అనేది. కోపంలో కూడా ఆమెకు లెక్క తప్పేది కాదు.

ఆమెకొక అలవాటు ఉండేది. ఏ జంతువు దగ్గరికీ ఎదురుగా పోయేది కాదు. ఎటో వేరే పని మీద పోతున్నట్టు, పక్క చూపు చూసుకుంటూ ఏటవాలుగా నడిచేది. "బిడ్డా, భయమున్నదానికి తప్పించుకునే తొవ్వ ఇడిసి పోవాలె" అని నాకు నేర్పింది. మనుషులతోనూ అంతే. ఎవరైనా అలిగితే, ఎవరితోనైనా మాట పట్టింపు వస్తే, ఎదురుగా కూర్చుని అడిగేది కాదు. పక్కన కూర్చుని, ఎద్దు గురించో వాన గురించో మాట్లాడుతూ ఉండిపోయేది. కొంగు ముడిలో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. నాలుగు పల్లీలు అవతలివాళ్ల చేతిలో పెట్టాక అసలు సంగతి దానంతటదే బయటికి వచ్చేది.

మా వాగు ఏడాది పొడుగునా పారేది కాదు. సంక్రాంతి దాటితే ఇసుకే. ఎండాకాలం ఆడవాళ్లం ఇసుకలో గుంత తవ్వి, అందులో ఊరిన నీళ్లు చిప్పతో తోడి బిందె నింపుకునేవాళ్లం. ఆ గుంతను చెలిమె అంటారు. వరుసగా వానలు తప్పిన ఏడు నేను మొదటిసారి అత్తమ్మతో చెలిమెకు పోయాను. మా బిందెలు నిండాయి. నడుము పట్టేసింది. ఇంటికి పోదామని బిందె ఎత్తుకోబోతే, "ఆగు, ఇంకోటున్నది" అంది.

కొంచెం దూరంలో మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది. అది మా చెలిమెలా నిటారుగా లేదు. ఒక పక్క చాటలా వాలుగా, పొడుగ్గా తీసింది. జింక పిల్ల కూడా దిగి నీళ్లు తాగి మళ్లీ ఎక్కిపోవాలి కదా, అందుకు. "గిది మనది, గది వాటిది" అంది చేతులు దులుపుకుంటూ. "మనది నిండినంక వాటిది దీయకుంటే అవి మన దాంట్లెనే దిగుతయ్. కొట్లాట ఎందుకు?"

నేను అలసిపోయి ఉన్నాను. వేరే వాళ్లెవరూ తవ్వడం లేదు కదా, మనమే ఎందుకు అన్నాను.

"దూపకు గట్లు, హద్దులు ఉంటయా బిడ్డా?" అంది అంతే. మా భాషలో దూప అంటే దాహం. ఆ ఒక్క మాట తర్వాత ఆమె నన్నెప్పుడూ తవ్వమని అడగలేదు. నేనెప్పుడూ మానలేదు. ఆ ఎండాకాలం పోయేలోపు మాదిగ వాడ నుంచి వచ్చే అక్కలు, మసీదు వెనక ఇళ్ల నుంచి వచ్చే అమ్మలు కూడా తమ బిందెలు నిండాక ఎవరికి వారు పక్కన ఒక వాలు చెలిమె తీయడం మొదలుపెట్టారు. ఎవరూ మీటింగు పెట్టలేదు. చూసి చేశారు.

ఆమె గురించి ఊరు ఇప్పటికీ చెప్పుకునేది మాత్రం బావి సంగతి.

మా వైపు చెలకల మధ్యలో ఎండిపోయి వదిలేసిన బావులు చాలా ఉండేవి. చుట్టూ గోడ ఉండదు. పరుగులో ఉన్న జింకకు అది బావి అని తెలిసేలోపే కాలు జారిపోతుంది. జొన్న కోతల కాలంలో ఒక పొద్దున పెద్ద ఇర్రి ఒకటి అలాంటి బావిలో పడింది. మేం పోయేసరికి బావి చుట్టూ జనం ఉన్నారు. కింద మోకాలి లోతు బురదలో అది గోడలకేసి కొట్టుకుంటోంది. దాని రొప్పు పైకి వినబడుతోంది.

"ఇంకెట్ల బతుకుతది? రాళ్లేస్తే అయిపాయె. ఊరందరికీ కూరైతది" అన్నాడొకడు.

అత్తమ్మ వాడి వైపు చూడలేదు. మా ఎదురింటి చాచా మంచాలకు నులక అల్లేవాడు. ఆయన వైపు తిరిగి, "ఒక మంచం తేపో. దాని నాలుగు కోళ్లకు తాళ్లు గట్టు" అంది. గొర్లకాపరి దగ్గర గొంగడి అడిగి తీసుకుని భుజాన వేసుకుంది. అప్పుడు గాని ఆమె ఏం చేయబోతోందో ఎవరికీ అర్థం కాలేదు.

"అక్కా, నువ్వు దిగకు. కొమ్ములు జూసినవా? జాన్ పోతది" అన్నాడు చాచా.

"మొగోళ్లు దిగితే దానితో కొట్లాడుతరు. నేను కొట్లాడ" అని నడుముకు తాడు కట్టించుకుని దిగింది.

దిగి ఏం చేసిందో చెప్పినా కొందరు నమ్మరు. ఏమీ చేయలేదు. దానికి వీపు చేసి, అవతలి గోడ పక్కన బురదలో కూర్చుంది. పైన మేం అంచుకు వంగి చూస్తున్నాం. ఇర్రి ఆమె పక్కగా దూకింది, బురద ఆమె తల మీద పడింది. కదలలేదు. ఎంతసేపు అలా ఉందో నాకు తెలియదు. నాకైతే ఒక పూట గడిచినట్టుంది. మెల్లగా దాని రొప్పు తగ్గింది. తల దించింది. అప్పుడామె, అదే ఏటవాలు నడకతో, గోడ వెంట జరుగుతూ పోయి గొంగడి దాని తల మీద కప్పేసింది. చీకటి కమ్మగానే అది వణుకుతూ నిలబడిపోయింది. ఆ కప్పడంలోనే కొమ్ము మొన ఆమె ముంజేతిని మోచేయి దాకా చీరేసింది. ఆమె అరవలేదు. అరిస్తే అది బెదురుతుంది కదా.

మంచం దించారు. దాన్ని పడుకోబెట్టి, పైనుంచి వేసిన పాత చీర పేలికలతో కాళ్లు కట్టి, "గుంజుండ్రి, మెల్లగ" అంది. కూరవుతుందని అన్నవాడు కూడా తాడు పట్టాడు. మంచం పైకి వచ్చింది. చాచా కట్లు విప్పి గొంగడి తీశాడు. ఇర్రి లేవలేదు. పోయిందేమో అనుకున్నాం. దాని పెద్ద నల్లటి కన్ను మా అందరినీ ఒకసారి చూసింది. చెవి కదిలింది. తర్వాత ఏ ప్రయత్నమూ కనబడకుండానే అది గాలిలో ఉంది. మనిషి ఎత్తు మీదుగా, జనం తలల పక్కగా, కోసిన జొన్న చేనులోకి. దూకిన చోటల్లా ఎర్రటి దుమ్ము చిన్న చిన్న పొగల్లా లేచింది. మేమంతా నోళ్లు తెరుచుకుని అటే చూస్తున్నాం.

బావిలోంచి గొంతు వచ్చింది. "నన్ను గూడ దీస్తరా, జింకొక్కటే సాలా?"

జనం నవ్వారు, ఏడ్చారు. పైకి వచ్చాక ఆమె చేయి చూసి నేను నా కొంగు చించి కట్టు కట్టాను. మక్తల్ దవాఖానలో కుట్లు వేయించుకుని వస్తూ దారి పొడుగునా ఆమె అడిగింది ఒక్కటే. "అది కుంటిందా పిల్లా? నువ్వు జూసినవా? సక్కగ ఉరికిందా?"

ఆ తర్వాత ఊరి పని ఊరే మొదలుపెట్టింది. మా దగ్గర అమాస నాడు నాగలి కట్టరు. ఎద్దులకు సెలవు. ఆ రోజు మగవాళ్లు చెట్ల కింద కూర్చుని బీడీలు కాల్చేవాళ్లు. అత్తమ్మ వాళ్ల పక్కన కూర్చుని, పల్లీలు పంచి, "ఎద్దులకు సెలవు, మనకెందుకు?" అంది. అలా అమాస పని పుట్టింది. మొదట పాడుబడ్డ బావుల చుట్టూ ముళ్లకంప వేశారు. తర్వాత వాగులోకి దిగే వంకలకు అడ్డంగా రాళ్లు పేర్చారు, వాన నీళ్లు ఉరికిపోకుండా నిలిచి ఇంకాలని. ఒడ్డున కానుగ గింజలు నాటారు, వావిలి కొమ్మలు గుచ్చారు. పొదల్లో పూరేడు పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో వంటచెరకు అటువైపు కొట్టకూడదని ఆడవాళ్లు తమలో తామే కట్టుబాటు చేసుకున్నారు. ఒకరికొకరు పైసా ఇచ్చింది లేదు, బోర్డు పెట్టింది లేదు. కొన్నేళ్లకు వాగు ఇసుకలో తడి వేసవి నడుమ దాకా నిలవడం మొదలైంది. చెలిమె మోచేతి లోతులోనే నీళ్లు పట్టేది. నెమళ్లు వచ్చాయి. ఒక రోజు కానుగల కింద నక్షత్రాల డిప్పతో ఒక తాబేలు నిదానంగా నడిచిపోతుంటే, దాన్ని దాటి పోకుండా ఎడ్లబండి ఆగి ఉండడం నా కళ్లతో చూశాను.

అయితే అందరి కడుపూ ఒక్కలా నిండలేదు. ఈ మాట దాచిపెడితే ఆమె ఒప్పుకోదు.

మా చిన్నమామ, అంటే అత్తమ్మకు మరిది. ఆయన చెలక వాగును ఆనుకుని ఉంది. తొంభైల మొదట్లో ఒక కరువేడు. ఎక్కడా పచ్చగడ్డి లేదు. బావి అడుగున మిగిలిన నీళ్లతో ఆయన మొలిపించిన పల్లి చేను మీద మంద పడింది. మళ్లీ విత్తాడు. మళ్లీ పడింది. ఆయన చేనులో మోకాళ్ల మీద కూర్చుని, కొరికేసిన మొలకలను చేత్తో తడుముతుంటే నేను చూశాను. ఆ కోపం అబద్ధపు కోపం కాదు.

ఆ సాయంత్రం చాయ్ హోటల్ ముందు అందరూ వింటుండగా అన్నాడు. "మా వదినె వాటికి నీళ్లు వెడ్తున్నది. నేను గా నీళ్లల్ల గుళికల మందు గలుపుత. పీడ పోతది."

గుళికల మందు పురుగులకు వేసేది. చిటికెడు చాలు. అది విన్నవాళ్లెవరూ కాదనలేదు, ఔననలేదు. కరువు అలాంటిది.

నేను భయపడుతూ వచ్చి చెబితే అత్తమ్మ చేటలో పల్లీలు చెరుగుతూనే వింది. మరునాడు పొద్దున ఆడవాళ్లంతా చెలిమెల దగ్గర ఉండగా, జింకల చెలిమెలోకి దిగి, దోసిట నీళ్లు తీసుకుని తాగింది. పచ్చటి నాచు, గిట్టల బురద, అన్నీ ఉన్న నీళ్లు. మూతి తుడుచుకుని అందరికీ వినబడేలా అంది. "రేపటిసంది గీ నీళ్లు ముందుగాల నేను తాగుత. ఎవలన్న ఏమన్న గలుపుకుంటే గలుపుకోండ్రి."

ఇంట్లో మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, నీకేమన్న పిచ్చి లేసిందా? సత్తవ్!"

"వాడు నా చేతి బువ్వ తిని పెరిగిండు. నన్ను సంపడు."

"చిన్నాయిన గాకుంటె ఇంకొకడు."

"గప్పుడన్న తెలుస్తది గదరా, నీళ్లల్ల ఇసం గలిపితే ఎవలు సస్తరో."

రోజూ తాగింది. ఆ ఎండాకాలమంతా. నేను రోజూ ఆమె వెనక పోయేదాన్ని. దోసిలి నోటి దగ్గరికి పోయిన ప్రతిసారీ నేను కళ్లు మూసుకునేదాన్ని. ఆమె మాత్రం పూజకు పోయిన మనిషిలా కాదు, పనికి పోయిన మనిషిలా తాగి వచ్చేది. తాగి, నేరుగా చిన్నమామ చేనుకు పోయేది. ఆయన మాట్లాడేవాడు కాదు. ఆమె ఆయన ఎద్దులతో మాట్లాడేది. "మీ అయ్యకు జెప్పుండ్రి, చేను చుట్టూ ఆముదాలు ఏస్తే జింకలు అటు దిక్కు మొఖం వెట్టయ్ అని." తొలకరి పడగానే అమాస పనికి వచ్చేవాళ్లను తీసుకుపోయి ఆయన చేను గట్ల వెంట మూడు సాళ్లు ఆముదాలు తానే వేయించింది. మంచె కట్టించింది. ఉదయం, సాయంత్రం వంతుల వారీగా మనుషులు కూర్చుని పళ్లేలు మోగించారు. నష్టం పూర్తిగా ఆగిందని చెప్పను. పంట చేతికి వచ్చింది, అది మాత్రం నిజం.

ఆ వానలకు ముందే జరిగింది ఇప్పుడు చెప్పేది. ఒక రోజు అత్తమ్మకు చలిజ్వరం వచ్చి, ఒళ్లు తెలియకుండా పడుకుంది. తెల్లవారింది. ఎవరో ఒకరు పోవాలి కదా అని నేనే బయలుదేరాను. తాగగలనో లేదో నాకే తెలియదు. వాగు దిగేసరికి చెలిమె పక్కన ఒక మనిషి వంగి ఉన్నాడు. చిన్నమామ. చేయి నీళ్లలో ఉంది.

నేను ఇసుకలోనే ఆగిపోయాను.

ఆయన దోసిలి పైకెత్తాడు. తాగాడు. మీసం తుడుచుకుని అప్పుడు నన్ను చూశాడు.

"వదినె రాలే?"

"జరమొచ్చింది చిన్నమామా."

ఆయన నీళ్ల వైపు చూస్తూ, "ఏం గాలే. మంచిగనే ఉన్నయ్" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "రోజు ఆమెకన్న ముందుగాల నేనొచ్చి తాగి పోతున్న. నేనన్న మాట ఇని ఇంకెవడన్న గలుపుతడేమోనని. ఆమెకు జెప్పకు బిడ్డా" అన్నాడు.

నేను అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను. మనుషుల మధ్య ఇంత పెద్ద విషయం, ఇంత చప్పుడు లేకుండా జరుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

జ్వరం దిగాక ఆగలేక అత్తమ్మకు చెప్పేశాను. ఆమె పడుకునే నవ్వింది. "నాకెర్క లేదా? వాని బీడి తుంట రోజు ఆడనే ఉంటది. గందుకే ఫికర్ లేకుంట తాగిన."

ఆమె పోయిన మూడో రోజు పిట్టముట్టుడు. పోయినవాళ్లకు ఇష్టమైన బువ్వ ఆకులో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఎదురు చూస్తాం. వాగు ఒడ్డునే, జింకల చెలిమె పక్కన పెట్టాం. ఊరంతా వచ్చింది. చాచా తన పెద్దకొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. కాకి ఎక్కువసేపు ఏడిపించలేదు, వాలి ముట్టింది. అందరూ కళ్లు తుడుచుకుని, అయినా లేవబుద్ధి కాక, అక్కడే కూర్చున్నారు.

మొదట చూసింది చిన్నమామ. అవతలి ఒడ్డున మంద నిలబడి ఉంది. నీళ్ల వేళ అయింది. మేం అడ్డంగా కూర్చున్నాం.

"లేవుండ్రి. మెల్లగ లేవుండ్రి" అన్నాడాయన, గొంతు తగ్గించి. "వాటికి తొవ్వ ఇయ్యుండ్రి."

పెద్దమనుషులు చెప్పులు చేత పట్టుకుని లేచారు. తల్లులు పసిపిల్లల నోళ్ల మీద చేయి పెట్టారు. ఊరు ఊరంతా, ఒక్కరూ వాటి వైపు సూటిగా చూడకుండా, పక్కకు తిరిగి ఏటవాలుగా కానుగల నీడలోకి తప్పుకుంది. మంద దిగింది. ముందు పిల్లలు, వాటి తల్లులు తాగాయి. చివరికి ముసలి ఇర్రి ఒకటి వచ్చి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి, వంగి, చాలాసేపు తాగింది. తర్వాత తల ఎత్తి మా వైపు చూసింది. ఎవరూ కదల్లేదు. ఎండలో దాని మూతి నుంచి నీటి చుక్కలు ఒక్కొక్కటే మెరుస్తూ ఇసుకలోకి జారుతున్నాయి.